ఆ ఫైలు ఎవరు తీశారు?

"మధ్యలో ఈ తొమ్మిదేళ్లు ఏమిటండీ?"

ఇంటర్వ్యూ చేస్తున్నాయన నా రెజ్యూమె మీద పెన్ను మొన ఆనించి అడిగారు. ఆస్పత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో పనిచేశానండీ అన్నాను. "అంటే డేటాబేసా?" అన్నారు కాస్త ఆశగా. కాదండీ, ఫైళ్లు, అట్ట ఫైళ్లు అన్నాను. ఆ తర్వాత ఆయన ఇంకో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడి, మర్యాదగా లేచి నిలబడి, మర్యాదగా పంపించేశారు. ఉద్యోగం ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ గవర్నెన్స్‌లో, అంటే సమాచారాన్ని కాపాడే నియమాలు పెట్టి అవి నిజంగా నడుస్తున్నాయో లేదో చూసే పని. నాకు అప్పటికి ఫైర్‌వాల్ అంటే నెట్‌వర్క్‌లోకి ఏది రావచ్చో ఏది రాకూడదో తేల్చే కాపలా అని తెలుసు గానీ దాన్ని ఎప్పుడూ ముట్టుకున్న పాపాన పోలేదు.

తర్వాతి రెండు ఇంటర్వ్యూలకి ఆ తొమ్మిదేళ్లకీ ముసుగు వేశాను. "హెల్త్‌కేర్ డేటా అడ్మినిస్ట్రేషన్" అని ఒక్క లైను. చదువుకుంటే నాకే నవ్వొచ్చేది. అవీ పోయాయి. నాలుగో దానికి విసుగొచ్చి, పోతే పోయిందిలే అని ఫైళ్ల గది కథ మొత్తం చెప్పేశాను. ఉద్యోగం వచ్చింది. అది జరిగి ఎనిమిదేళ్లు. ఎక్కడెక్కడి దారుల్లోంచో ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు, దాదాపు అందరూ అడిగేది ఒకటే: పాత ఉద్యోగాన్ని రెజ్యూమెలో ఎలా దాచాలి? దాచొద్దు అనేసి ఊరుకోవచ్చు. కానీ ఎందుకు దాచకూడదో చెప్పాలంటే ముందు ఎర్ర కార్డు సంగతి చెప్పాలి.

పేషెంటు ఫైళ్లని మేము వరస నంబర్లతో పేర్చేవాళ్లం కాదు, చివరి రెండు అంకెలతో పేర్చేవాళ్లం. 00 నుంచి 99 దాకా వంద అరలు. వరసగా పేరిస్తే కొత్త ఫైళ్లన్నీ ఒక మూలకే చేరి అందరూ అక్కడే గుద్దుకుంటారు, చివరి అంకెలతో అయితే బరువు అన్ని అరలకీ సర్దుకుంటుంది. ఏ అరలోంచి ఫైలు తీసినా ఆ ఖాళీలో ఎర్ర కార్డు ఒకటి పెట్టాలి. దాని మీద ఫైలు నంబరు, ఏ వార్డుకి వెళ్లింది, ఎవరు తీసుకెళ్లారు, తేదీ, టైము, సంతకం. అరల వంక చూస్తే అక్కడక్కడా ఎర్రగా అంచులు కనిపిస్తుంటాయి. ఎన్ని ఎర్ర అంచులుంటే అన్ని ఫైళ్లు బయట తిరుగుతున్నట్టు లెక్క.

ఒక రాత్రి ఎమర్జెన్సీకి వచ్చిన పేషెంటు పాత ఫైలు కావాల్సి వచ్చింది. ఏదో మందు పడదని అందులో రాసి ఉందని ఇంటివాళ్లు చెబుతున్నారు, ఏ మందో వాళ్లకి గుర్తు లేదు. అరలో ఫైలు లేదు. కార్డు ఉంది, సంతకం ఉంది, పేరు చూస్తే ఒక సీనియర్ డాక్టరు గారిది. ఫోన్ చేస్తే ఆయన పది రోజులుగా సెలవులో ఉన్నారు. కార్డు మీద తేదీ నాలుగు రోజుల కిందటిది. తెల్లారేదాకా వెతికాం. డ్యూటీ రూములో పాత ఎక్స్‌రే కవర్ల కింద దొరికింది. పేషెంటుకి ఏమీ కాలేదు, అదృష్టం.

తర్వాత తేలిందేమిటంటే, ఫైలు తీయడానికి అధికారం ఉన్న డాక్టర్ల జాబితా ఒకటి గోడకి అంటించి ఉండేది, దాన్ని రెండేళ్లుగా ఎవరూ మార్చలేదు. కొత్తగా చేరిన జూనియర్లలో ఒక్కరి పేరూ అందులో లేదు. పేరు లేనివాళ్లకి ఫైలు ఇవ్వకూడదని మాకు ఆర్డరు, ఫైలు లేకపోతే వార్డులో పని నడవదు. అందుకని జూనియర్లు జాబితాలో ఉన్న ఎవరో ఒకరి పేరుతో సంతకం పెట్టేవాళ్లు, మేము తల పక్కకి తిప్పుకునేవాళ్లం. "మేము" అంటున్నాను చూడండి, ఆ కార్డు పెట్టిన రోజు కౌంటర్లో ఉన్నది నేనే కావచ్చు కూడా. మేనేజ్‌మెంట్ ఏం చేసింది? సంతకాల విషయంలో జాగ్రత్తగా ఉండాలని సర్క్యులర్ పంపి మమ అనిపించింది. జాబితా మాత్రం ఇంకో మూడు నెలలు అలాగే ఉంది.

నాలుగో ఇంటర్వ్యూలో చెప్పింది ఇదే. ఎదురుగా ఉన్నావిడ మధ్యలో పెన్ను కింద పెట్టేసి వినడం మొదలుపెట్టారు. ఆవిడకి ఎందుకు నచ్చిందో నాకు చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. ఆడిట్‌లో ఏ కంట్రోల్‌నైనా, అంటే తప్పు జరగకుండా పెట్టుకున్న ఏ ఏర్పాటునైనా, రెండుసార్లు పరీక్షిస్తారు. దాన్ని సరిగ్గా రూపొందించారా అన్నది మొదటిది. అది రోజూ నిజంగా నడుస్తోందా అన్నది రెండోది. మా ఎర్ర కార్డు కాగితం మీద చక్కటి కంట్రోల్. ఆడిటర్ వచ్చి పాతిక కార్డులు తీసి చూస్తే పాతికా నింపి ఉంటాయి, సంతకాలతో సహా. ఆ సంతకాలు ఎవరివి అని అడిగితేనే బండారం బయటపడేది.

ఇదంతా అట్ట ఫైళ్ల కాలం గోల అనుకునేవాళ్ల కోసం ఈక్విఫాక్స్ సంగతి చెబుతాను, అమెరికాలో జనం అప్పుల చరిత్ర లెక్కలు ఉంచే సంస్థ అది. 2017 మార్చిలో వాళ్లు వాడే అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రమాదకరమైన లోపం ఉందని ప్రకటన వచ్చింది, సరిచేసే ప్యాచ్ కూడా వచ్చింది. ఆ సంస్థలో ఇలాంటి వాటిని 48 గంటల్లో సరిచేయాలని నియమం ఉంది. లోపల మెయిల్ కూడా వెళ్లింది. అయితే ఆ మెయిల్ వెళ్లిన జాబితా పాతది. ప్యాచ్ వేయాల్సిన మనుషులకి అది చేరనే లేదు. మే మధ్యలో దొంగలు లోపలికి వచ్చారు, 76 రోజులు ఉన్నారు. లోపలికీ బయటికీ వెళ్లే ట్రాఫిక్‌ని విప్పి చూడాల్సిన పరికరం ఉంది గానీ, అలా విప్పడానికి దానికి కావాల్సిన డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయి నెలల తరబడి అది ఏమీ చూడకుండానే అన్నీ వదిలేస్తోంది. జులై చివర్లో సర్టిఫికెట్ మార్చారు, మార్చగానే అనుమానాస్పదమైన ట్రాఫిక్ కళ్లబడింది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు సెప్టెంబర్‌లో లోకానికి చెప్పారు. దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు.

దీని మీద వచ్చిన దర్యాప్తు నివేదికలు చదువుతూ, జాబితా పాతది అన్న చోటికి వచ్చేసరికి నేను ఆగిపోయాను. గోడ మీది మా కాగితం గుర్తొచ్చింది, దాని మూలలు పసుపు పచ్చగా మారిపోయి ఉండేవి.

కానీ అప్పట్లో జనం నోళ్లలో నానింది జాబితా కాదు. ఆ సంస్థ చీఫ్ సెక్యూరిటీ ఆఫీసర్ చదివింది సంగీతం అని ఎవరో తవ్వి తీశారు, ఇక చూస్కోండి. మ్యూజిక్ డిగ్రీ ఉన్నావిడకి కోట్ల మంది డేటా అప్పజెప్తారా అని జోకులు, మీమ్‌లు. అంతకుముందు ఆవిడ ఎన్నో ఏళ్లు ఆర్థిక, టెక్నాలజీ సంస్థల్లో సెక్యూరిటీ పనే చేశారన్నది ఎవరికీ పట్టలేదు. అమెరికా కాంగ్రెస్ కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక వేలెత్తి చూపింది వేరే దాన్ని. అక్కడ సెక్యూరిటీ విభాగం లీగల్ విభాగం కింద ఉంది, ఐటీ వేరే పెద్దమనిషి కింద ఉంది, రెండింటి మధ్యా ఎవరు దేనికి జవాబుదారీయో తేలని ఖాళీ. ఎప్పుడో ఒకప్పటి ఇద్దరు అధికారులకి పడక అలా విడదీశారట, వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ గీత అలాగే ఉండిపోయింది. ఇలాంటి గీతల్ని కనిపెట్టి చెరిపించడమే గవర్నెన్స్ వాళ్ల పని. దానికి సంగీతం చదివితే నష్టమూ లేదు, కంప్యూటర్ సైన్స్ చదివితే ప్రత్యేకంగా ఒరిగేదీ లేదు.

ఇంకో మనిషి ఉన్నాడు, క్లిఫ్ స్టోల్. ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1986లో ఆయన ప్రాజెక్టు డబ్బులైపోతే లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో కంప్యూటర్ సెక్షన్‌కి పంపారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వస్తోంది, ఎందుకో చూడమన్నారు. ఎవరైనా అయితే రౌండాఫ్ చేసేసి పక్కన పెట్టేవాళ్లు. ఈయన పట్టుకుని లాగాడు. బిల్లు పంపడానికి చిరునామా లేని యూజర్ ఒకడు తేలాడు, అక్కడి నుంచి నెలల తరబడి లాగితే చివరికి జర్మనీలో కూర్చుని అమెరికా సైనిక కంప్యూటర్లలోకి దూరి, ఆ సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్న మనిషి దొరికాడు. అదంతా చేసింది హ్యాకింగ్ చదువుకున్నవాడు కాదు, లెక్క తేలకపోతే నిద్రపట్టనివాడు. ఆయన నక్షత్రాలు చూసేవాడని ఎవరూ మీమ్‌లు వేయలేదు. గెలిస్తే విలక్షణం, ఓడితే అనర్హత. పాత ఉద్యోగం దాచుకునేవాళ్ల భయం ఉట్టిదేమీ కాదని ఒప్పుకోడానికే ఇది చెబుతున్నాను.

సరే, ఇక్కడిదాకా చదివి "ఓహో, అయితే టెక్నికల్ నాలెడ్జ్ లేకపోయినా పర్లేదన్నమాట" అనుకుంటే మనకి గొడవే.

ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ఇదే అమ్మకం: కోడింగ్ వద్దు, టెన్షన్ వద్దు, ఆరు వారాల్లో జీఆర్సీ, అంటే గవర్నెన్స్, రిస్క్, కంప్లయన్స్. సైబర్ సెక్యూరిటీకి ఇదేదో దొడ్డిదారి అన్నట్టు. నేను కూడా మొదటి ఏడాది దాదాపు అలాగే నమ్మాను, దాని ఫలితం చెబుతాను. సంస్థ పేరు అనవసరం. బ్యాకప్‌లు తీస్తున్నట్టు ఎవిడెన్స్ పంపమని అడిగాను. స్క్రీన్‌షాట్ వచ్చింది. ముప్పై రోజులు, ముప్పై పచ్చ టిక్కులు. తేదీలు సరిపోయాయా, సరిపోయాయి. సర్వర్ పేరు సరిపోయిందా, సరిపోయింది. పాస్ అని రాసి ఫైల్ మూసేశాను. ఆరు నెలల తర్వాత నిజంగానే డేటా పోయింది, బ్యాకప్‌లోంచి తీయబోతే ఖాళీ. డేటాబేస్‌ని ఎప్పుడో వేరే డిస్కుకి మార్చారు, బ్యాకప్ జాబ్ మాత్రం పాత ఫోల్డర్‌నే రోజూ శ్రద్ధగా కాపీ చేస్తోంది. ఖాళీ ఫోల్డర్‌ని కాపీ చేయడంలో ఏ ఎర్రరూ రాదు. ప్రతి రాత్రీ పచ్చ టిక్కు.

తిరిగి ఎక్కించి చూశారా అని నేను అడగలేదు. బ్యాకప్ సైజు ఒక్కసారిగా ఎందుకు తగ్గిందని కూడా అడగలేదు, అదే స్క్రీన్‌షాట్‌లో కుడివైపు కాలమ్‌లో ఉంది ఆ అంకె. ఎర్ర కార్డు మీద సంతకం ఎవరిదని అడగాలని తెలిసిన మనిషినే, స్క్రీన్ మీదికి వచ్చేసరికి ఏది సంతకమో ఏది కార్డో గుర్తుపట్టలేకపోయాను. ఆ రోజు సిస్టమ్స్ టీమ్‌లో ఒకాయన, వయసులో నాకన్నా చాలా చిన్న, కేకలేమీ వెయ్యకుండా "మేడమ్, శుక్రవారం మధ్యాహ్నాలు నాకు కాస్త ఖాళీ, వచ్చి పక్కన కూర్చోండి" అన్నారు. ఏడాదిన్నర కూర్చున్నాను. సిస్టమ్‌లో జరిగినవన్నీ నమోదయ్యే లాగ్ ఎలా చదవాలి, ఒక యూజర్‌కి అనుమతి నేరుగా వచ్చిందా గ్రూపు ద్వారా వచ్చిందా ఎలా చూడాలి, క్లౌడ్‌లో ఒక రోల్, అంటే అనుమతుల మూట, ఇంకో రోల్‌ని ఎలా తొడుక్కోగలదు, డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్ కాస్త. ఇప్పటికీ నేను ఫైర్‌వాల్ కాన్ఫిగర్ చేయలేను. కానీ దాని రూల్స్ జాబితా ముందు పెడితే "ఎవరైనా, ఎక్కడికైనా" అని ఉన్న లైను దగ్గర వేలు పెట్టి ఇదెవరి కోసం అని అడగగలను.

ఎంత టెక్నాలజీ రావాలి అని అడిగితే నా కొలత ఒకటే. ఎదుటివాళ్లు ఏదో ఒకటి చెప్పి మనల్ని పంపించేస్తున్నారని పసిగట్టగలిగేంత. అది ఆరు వారాల్లో రాదు.

సరిగ్గా దీనికి ఉల్టా పొరపాటు చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లతోనే నాకు ఎక్కువ పేచీ. టెక్నాలజీ అంతా తెలిసి, నియమాలు రాసే కుర్చీలో కూర్చుని, ఆ నియమాల కింద ఒక్క రోజు కూడా పనిచేయనివాళ్లు. పాస్‌వర్డ్‌ల సంగతే తీసుకోండి. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఓ గుర్తు ఉండాలి, తొంభై రోజులకోసారి మార్చాలి. ఈ పద్ధతి ఇంతగా పాకడానికి 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఆయన రాసిన పత్రం ఒక పెద్ద కారణం. 2017లో ఆయనే ఒక ఇంటర్వ్యూలో, అప్పుడు రాసినదాంట్లో చాలావాటికి ఇప్పుడు విచారిస్తున్నానని చెప్పారు. అదే ఏడాది నిస్ట్ తన మార్గదర్శకాలను మార్చింది. పాస్‌వర్డ్ బయటపడినట్టు ఆధారం ఉంటే తప్ప ఊరికే మార్పించొద్దంది, గుర్తులూ అంకెలూ కలపాలన్న నిర్బంధం వద్దంది, పొడవుగా పెట్టుకోనివ్వమంది. ఆ తర్వాత కూడా ఎన్ని పాలసీల్లో తొంభై రోజులు చూశానో. ఎందుకు తీసెయ్యరంటే, కస్టమర్ పంపే సెక్యూరిటీ ప్రశ్నావళిలో ఆ ప్రశ్న ఉంటుందట. కస్టమర్‌ని అడిగితే వాళ్ల ఆడిటర్ అడుగుతారట. ఆడిటర్‌ని అడిగితే మీ పాలసీలోనే ఉంది కదా అంటారు.

మా ఆస్పత్రిలో కాగితాల నుంచి కంప్యూటర్‌కి మారుతున్న రోజుల్లో వార్డుకో మెషీన్ ఇచ్చారు. ఎవరి లాగిన్ వాళ్లు వాడాలి, పాస్‌వర్డ్ పంచుకోకూడదు. లాగిన్ అవడానికి మూడు నిమిషాలు పట్టేది. రౌండ్స్ టైములో ఒకే మెషీన్ దగ్గర నలుగురు నర్సులు, ఇద్దరు డాక్టర్లు. ఒక్కొక్కరూ లాగౌట్ అయ్యి లాగిన్ అవుతూ ఉంటే మందులు ఎవరిస్తారు? కాబట్టి పొద్దున డ్యూటీకి మొదట వచ్చిన సిస్టర్ లాగిన్ అవుతారు, రోజంతా వార్డు మొత్తం ఆవిడే. కీబోర్డు కింద చీటీ. రికార్డు చూస్తే ఒకే మనిషి ఒకే నిమిషంలో మూడు మంచాల దగ్గర మందులిచ్చినట్టు ఉండేది. మళ్లీ మా జూనియర్ డాక్టర్ల సంతకాలే, కొత్త వేషంలో. ఐటీ వాళ్లు పోస్టర్లు అంటించారు, పాస్‌వర్డ్ టూత్‌బ్రష్ లాంటిది, ఎవరితోనూ పంచుకోకండి అని. వార్డులో కార్డు తాకిస్తే తెరుచుకునే లాగిన్ పెట్టాక ఆ చీటీలు వాటంతటవే పోయాయి. పోస్టర్లు అప్పటికి ఇంకా గోడల మీదే ఉన్నాయి.

అక్కడే నేర్చుకున్న ఇంకో సంగతి, ఇప్పటికీ నా పనిలో ఎక్కువగా వాడేది. ఆస్పత్రిలో తలుపు మూసెయ్యడం కుదరదు. స్పృహ లేని పేషెంటు వచ్చినప్పుడు, ఆ రికార్డు చూసే అనుమతి మీకు లేదని డాక్టరుకి సిస్టమ్ చెబితే ప్రాణం పోతుంది. అందుకని అద్దం పగలగొట్టే పద్ధతి ఒకటి ఉంటుంది, బ్రేక్ గ్లాస్ అంటారు. ఎవరైనా తెరవచ్చు, కానీ కారణం రాయాలి, తెరిచినట్టు నమోదవుతుంది, మర్నాడు ఒక మనిషి వచ్చి ఎందుకు తెరిచారని అడుగుతారు. కొన్నాళ్లు ఆ అడిగే మనిషిని నేనే. ఒకసారి జనంలో బాగా పేరున్న వ్యక్తి అడ్మిట్ అయ్యారు. మర్నాడు పొద్దున ఎవరెవరు ఆ రికార్డు తెరిచారో ప్రింటు తీస్తే రెండు పేజీలు వచ్చింది. అందులో ఆ వార్డుతో ఏ సంబంధమూ లేనివాళ్లే ఎక్కువ. మా సెక్షన్ వాళ్లు ఇద్దరున్నారు, ఒకరు నా పక్క సీటే. ఆ ఇద్దరినీ పిలిచి అడగడం ఎంత కష్టమైందో ఏ సర్టిఫికేషన్‌లోనూ రాసి ఉండదు. అడిగాను. నా పక్క సీటు మనిషి నాతో నాలుగు నెలలు మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత ఇంకో పేరున్న వ్యక్తి వచ్చినప్పుడు ప్రింటు అరపేజీ దాటలేదు.

సర్టిఫికేషన్ల మాట వచ్చింది కాబట్టి అదీ గబగబా చెప్పేస్తాను. వాటి మీద నాకు భక్తీ లేదు, ద్వేషమూ లేదు. ఐసాకా అనే సంస్థ 1969లో కంప్యూటర్ ఆడిటర్ల సంఘంగా పుట్టింది, ఆడిటర్ల కోసం వాళ్లు పెట్టే సీఐఎస్‌ఏ (CISA) పరీక్ష 1978 నుంచి ఉంది. 1994 నుంచి ఉన్నది సెక్యూరిటీ నిపుణుల పరీక్ష సీఐఎస్‌ఎస్‌పీ (CISSP). రెండింటికీ పూర్తి గుర్తింపు రావాలంటే అయిదేళ్ల అనుభవం చూపించాలి, చదువుని బట్టి కాస్త మినహాయింపు ఉంటుంది, పరీక్ష మాత్రం ముందే రాసెయ్యొచ్చు. డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికేవి చదవండి. నిస్ట్ సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ ఎవరైనా దించుకోవచ్చు. 2014లో వచ్చినప్పుడు అందులో గుర్తించు, కాపాడు, కనిపెట్టు, స్పందించు, కోలుకో అని అయిదే భాగాలు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 2.0లో ఆరోదిగా గవర్న్ చేర్చి, మిగతా అయిదింటికీ మధ్యలో కూర్చోబెట్టారు. సమాచార భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 మాత్రం కొనుక్కోవాలి. 2022 కూర్పులో దాని అనుబంధంలో 93 కంట్రోల్స్ ఉన్నాయి. అందులో టెక్నాలజీకి సంబంధించినవి 34. మిగతా 59 సంస్థ నడిచే పద్ధతులు, మనుషులు, గదులూ తాళాలూ. ఎవరైనా మిమ్మల్ని "టెక్నికల్ బ్యాక్‌గ్రౌండ్ లేదు కదా" అంటే ఈ 59 గుర్తుచేయండి, అన్నాక మిగతా 34 కూడా ఇంటికెళ్లి చదవండి.

ఇంకొక అపోహ ఉంది, ఇది కూర్చుని చేసే చల్లటి ఉద్యోగం అని. రాత్రి షిఫ్టులు ఉండవు, నిజమే. కానీ ఊబర్‌లో చీఫ్ సెక్యూరిటీ ఆఫీసర్‌గా చేసిన జో సలివన్‌ని 2022 అక్టోబర్‌లో అమెరికా జ్యూరీ దోషిగా తేల్చింది, 2016లో జరిగిన డేటా చోరీని ప్రభుత్వ దర్యాప్తు నుంచి దాచిపెట్టారని. మూడేళ్ల ప్రొబేషన్ పడింది. ఆ తీర్పు న్యాయమా కాదా అని మా రంగంలో ఇప్పటికీ వాదనలే. నాకు అందులోంచి ఒంటబట్టింది వేరు: ఎవరు నిర్ణయించారు, ఎవరికి తెలుసు, ఎవరికి చెప్పారు అన్న ప్రశ్నలు ఎప్పుడో ఒకరోజు కోర్టులో కూడా అడగవచ్చు.

అందుకే రిస్క్ యాక్సెప్టెన్స్ కాగితం విషయంలో నేను మొండిని. సంగతేమిటంటే, సరిచేయడానికి కుదరని లోపం ఏదైనా ఉంటే, ఉందని మాకు తెలుసు, ఫలానా తేదీ దాకా భరిస్తాం అని ఆ వ్యాపారం నడిపే మనిషి సంతకం పెట్టాలి. ఒక మేనేజర్ గారు, మంచి మనిషే, గడువు దగ్గరపడి "మీరే పెట్టెయ్యండి మేడమ్, సెక్యూరిటీ వాళ్లు మీరే కదా" అన్నారు. ఆ పాత సర్వర్ ఆయనది, దాని మీద వచ్చే ఆదాయం ఆయనది, ఆపాలా నడపాలా తేల్చే అధికారం ఆయనది. సంతకం ఒక్కటే నాది కావాలట. కుదరదండీ అన్నాను. ఇంత చిన్నదానికి ఎందుకింత పట్టుదల అన్నారు. ఎర్ర కార్డు కథ చెబుదామనుకున్నాను గానీ ఆయనకి అంత టైము లేదు. రెండు వారాలు ముఖం మాడ్చుకుని తిరిగి, చివరికి సంతకం పెట్టాల్సిన పేజీ తెరిచి మొదటిసారి చదివారు. చదివి, సంతకం పెట్టకుండా సర్వర్ మార్చడానికి బడ్జెట్ అడిగారు.

ఇప్పుడు ప్రశ్నావళులు మెషీన్లే నింపుతున్నాయి. మనకి సేవలమ్మే వెండర్‌కి రెండొందల ప్రశ్నలు పంపితే సాయంత్రానికి రెండొందల జవాబులు, అన్నీ నున్నగా, ఒక్క తప్పు లేకుండా. ఇటువైపు వాటిని చదివి మార్కులేసేదీ మెషీనే. పచ్చ టిక్కులకి కొదవ లేదు. ఇలా అయితే గవర్నెన్స్ ఉద్యోగాలు ఉంటాయా అని అడుగుతున్నారు. నింపడం, లెక్కపెట్టడం మాత్రమే చేసేవాళ్లకి కష్టమే అనుకుంటాను. వార్డుకి వెళ్లి కీబోర్డు ఎత్తి చూసేవాళ్ల సంగతి వేరు.

పోయిన నెల ఒకావిడ తన రెజ్యూమె చూడమని పంపారు. పరీక్షల విభాగంలో పన్నెండేళ్ల గుమాస్తా పని. రెజ్యూమెలో మాత్రం "డాక్యుమెంట్ లైఫ్‌సైకిల్ మేనేజ్‌మెంట్" అని ఒక్క లైను. నా పాత లైనుకి అక్కచెల్లెలులా ఉంది. ఫోన్ చేసి, అసలు రోజూ ఏం చేసేవారండీ అని అడిగాను. ప్రశ్నపత్రాల కట్టలకి సీళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇద్దరు కలిసి చూడాలి, విప్పిన టైము ఇద్దరూ రాయాలి, మిగిలిపోయిన తెల్ల ఆన్సర్ బుక్‌లెట్లు కూడా లెక్కపెట్టి వెనక్కి కట్టాలి అన్నారు. రాసిన వాటికన్నా రాయని వాటి లెక్కే కష్టమండీ, వాటిని ఎవరూ పట్టించుకోరు, కానీ మోసం జరిగేది వాటితోనే, అన్నారు. ఒక ఏడాది మూడు బుక్‌లెట్లు తక్కువొస్తే రాత్రి పదింటిదాకా ఇంటికి వెళ్లలేదట. ఎక్కడ తేలిందంటే, లెక్కపెట్టడానికి రెండో మనిషి లేక ఆ సెంటర్లో ఒకరే రెండు సంతకాలు పెట్టారు.

ఇదే రాయండి, మొదటి పేజీలో, అన్నాను.

"నవ్వరా అండీ?"

"ఇద్దరు ముగ్గురు నవ్వుతారు" అన్నాను. "ఆ బుక్‌లెట్లు దొరికాయా?"

"రెండు దొరికాయి" అన్నారు. "మూడోదాని కోసం ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను."